ప్రార్థనలో నా వంతు

ఎనభైల మొదట్లో నర్సీపట్నంలో విలేకరిగా ఉండేవాణ్ని. నాన్న పోయిన వార్త కూడా నేనే నాలుగు వాక్యాల్లో రాసి పంపాను. ఏడుపు రాలేదు. ఆర్నెల్లయినా ఆకలి వేయలేదు, కోపం కూడా రాలేదు.

ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన కోసం ఒక్కొక్కరే లేచి తమ జ్వరాలూ కీళ్లనొప్పులూ చెప్పుకుంటున్నారు. నా వంతొచ్చింది.

"నాకేమీ అనిపించడం లేదండి. బతకాలని కూడా" అన్నాను.

"ఏటి, పిచ్చెక్కిందా ఈయనకి?" అని వెనకెవరో గొణిగారు.

రిటైరైన నర్సమ్మగారు లేచారు. "పిచ్చి కాదు, జబ్బే. రేపు బేగి తయారవు బాబూ. విశాఖపట్నం డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను."

వెళ్లాం. మందులు మొదలయ్యాయి.

మరుసటి ఆదివారం గొలుగొండ రైతొకాయన లేచి, "నాకూ ఇలేకరిగారి జబ్బేనండి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

నాకప్పటికింకా ఏమీ అనిపించడం లేదు. అయినా సోమవారం విశాఖపట్నం బస్సులో ఆయన పక్కన కూర్చున్నాను.