గచ్చి మీద పుంటికూర

గంగాబాయితో పెట్టుకుంటే గోడతో పెట్టుకున్నట్టేనని కామాటిపురలో ఆ గల్లీ అంతటికీ తెలుసు. తెలిసి తెలిసీ శంకర్రావు పెట్టుకున్నాడు. ఎవరి కర్మకు ఎవరు బాధ్యులు!

గంగాబాయిది పాలమూరు జిల్లా నుంచి ఈ మరాఠీ మహానగరానికి తట్టాబుట్టా నెత్తిన పెట్టుకుని వచ్చిన కుటుంబం. కాళ్ల పారాణి ఆరకముందే మేస్త్రీల వెంట బిల్డింగు పనికి పోయింది. ఇటుకలు మోసింది, సున్నం కలిపింది. కానీ ఆమె చేతికి పేరొచ్చింది దిమ్మిస దగ్గర. పునాదిలో పోసిన మట్టిని దిమ్మిసతో కొట్టి కొట్టి రాయిలా గట్టిపరచడం ఆమె పని. గంగాబాయి కొట్టిన నేల మీద నీళ్లు పోస్తే అక్కడే నిలబడతాయి తప్ప ఇంకవని మేస్త్రీలే చెప్పుకునేవారు. నడుము పట్టేశాక పని మానేసింది. మొగుడు బక్కయ్య గోడలకు రంగులేసి ఇల్లు నడుపుతున్నాడు.

ఇన్ని మేడలకు నేల పరిచిన మనిషికి ఒక మొక్క పెట్టుకునే జాగా లేకపోయింది. ఆ కడుపుమంట ఆమెకు ఎప్పటినుంచో ఉంది. అందుకే ఎనభై నాలుగు ఎండాకాలంలో తాముండే వరసగదుల చాల్ డాబా మీద, అక్కడివాళ్లు గచ్చి అంటారు, ఒక మూల డాల్డా డబ్బాలు పేర్చింది. ఎవరినీ అడగలేదు. అడిగితే ఇస్తారా ఎవరైనా?

మట్టి లేదు కదా, మరి డబ్బాల్లోకి ఏం పోయాలి? ఫాక్‌లాండ్ రోడ్డులో తాళ్ల దుకాణం వాళ్లు మోరీలో పారేసే కొబ్బరి పొట్టు ఎత్తుకొచ్చింది. తబేలా నుంచి బర్రె పేడ తెచ్చింది. చాయ్ హోటల్లో మిగిలిన టీ పిప్పి, చాల్ ఆడవాళ్లు పారేసే కూరగాయల తొక్కులు, అన్నీ కలిపి గోనెసంచుల్లో మాగబెట్టింది. తొలివానలకు అది కాస్తా నల్లగా, పొడిపొడిగా తయారైంది. మధ్యలో కొన్నాళ్లు మాత్రం కంపు కొట్టింది, అబద్ధమెందుకు?

ఆ కంపు పట్టుకునే వచ్చాడు శంకర్రావు. ఏదో ఆఫీసులో ప్యూను, చాల్ కమిటీకి సెక్రెటరీ. పెత్తనం మాత్రం కలెక్టరుది.

"గంగక్కా, ఈ కచ్రా ఏంది? గణపతి మండపాలేసే సేఠ్ ఈడ వెదుళ్లు పెట్టుకుంటనంటున్నడు. కమిటీకి కిరాయి వస్తది. మూల ఖాళీ చెయ్యి."

"కచ్రా నీ నోట్ల పడ. ఇది ఎరువు."

"ఎరువా? మా సాహెబ్ బాల్కనీల ఉంటది చూడు, అదీ ఎరువంటే. చలి దేశాల చిత్తడి నేలలు తవ్వి తెస్తరంట. పీట్ అంటరు. దాంట్ల ఏస్తే మొలుస్తయి. కొబ్బరి పొట్టుల ఏం మొలుస్తది, నా బొంద!"

గంగాబాయి కొంగు నడుముకు చెక్కుకుంది. అప్పటికే మెట్ల మీద నలుగురు చేరారు.

"మీ సాహెబ్ మన్ను మీ సాహెబ్‌కే ఉండనీ. గణపతి వచ్చేలోపు ఇందుల్నే పుంటికూర పండిస్త. రాకుంటే డబ్బాలన్నీ నా చేతుల్తోనే మోరీల పారేస్త. వస్తే ఈ మూల నాది. సై అంటవా?"

"సై," అన్నాడు శంకర్రావు నవ్వుతూ.

డబ్బాలు నింపి పుంటికూర, అదే గోంగూర, విత్తనాలు చల్లింది. వానలు పడ్డాయి. కాకులొచ్చాయి, పిచ్చుకలొచ్చాయి, మొలక ఒక్కటీ రాలేదు. చాల్ చాలంతా పరాచికాలే. ఇంట్లో బక్కయ్య కూడా ఊరుకోలేదు. "ఏమే, విత్తనాలకు గూడ నీ నోరంటే భయమైనట్టుంది," అన్నాడు.

శంకర్రావు ఒక సంచి పట్టుకొచ్చాడు. సాహెబు బాల్కనీలో మిగిలిన నల్లమట్టి. జాలి చూపిస్తున్నాడట! గంగాబాయి దాని వంక కన్నెత్తి చూడలేదు. "దాంట్ల మొలిస్తే ఆ మూల మీ సాహెబ్‌దైతది. తీస్కపో," అంది. అనడమైతే అంది కానీ, ఇంట్లోకొచ్చి అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే పైకెక్కి కోపంతో ఒక డబ్బా బోర్లించి కొట్టింది. లోపలి ఎరువు అచ్చు ఇటుకలా ఊడిపడింది. విరిచి చూసింది. అయ్యో తల్లీ! విత్తనాలు మొలిచే ఉన్నాయి. తెల్లటి మొలకలు పైకి రాలేక, పైపెచ్చు కిందనే మెడలు వంచుకుని కుళ్లిపోయాయి.

గంగాబాయి అక్కడే చతికిలబడింది. ఎరువు పోసిన ప్రతి డబ్బానూ తాను ఏం చేసిందో అప్పుడు గుర్తొచ్చింది. రోకలిబండతో దిట్టంగా దిమ్మిస కొట్టింది! ఎవరూ చెప్పలేదు. పోసింది ఏదైనా గట్టిపరచాలని చేతులకు అలవాటైపోయింది, అంతే. బక్కయ్య పైకొచ్చేసరికి ఏడుస్తూ ఉంది.

"చంపింది ఎరువు కాదు, నేను. ఈ పాడు చేతులు," అంది.

"చేతులనేమంటవే. ఇన్నేండ్లు బువ్వ పెట్టినయి," అన్నాడు బక్కయ్య. ఈసారి వేళాకోళం లేదు.

ఏడుపు ఆగాక ఆమెకు గొప్ప సంతోషం వేసింది. తన ఎరువు మంచిదే! గడ్డలన్నీ చిదిమింది. బియ్యం జల్లెడతో ఎరువును డబ్బాల్లోకి పిండిలా రాల్చింది. విత్తనాలు చల్లి, పైన ఇంకో పిడికెడు రాల్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. తట్టాలని ఎంత దురద పుట్టిందో ఆమెకే తెలుసు. వారం తిరక్కుండానే ఎర్రటి కాడలు కొబ్బరి పొట్టును నెత్తిన మోసుకుంటూ గుంపులు గుంపులుగా లేచాయి.

శంకర్రావు వచ్చి చూశాడు. డబ్బాలో వేలు పెట్టి కెలికాడు, సాహెబు మట్టి ఏమైనా ఉందా అని. లేదు.

"వచ్చినయ్ లే. ఐనా ఏం చేస్తం అక్కా, కమిటీ సేఠ్‌కు మాట ఇచ్చింది. ఐతవారం వెదుళ్లు వస్తయి," అనేసి దిగిపోయాడు.

మాట తప్పినవాడికి సిగ్గులేదు, విన్నవాళ్లకు ఒళ్లు మండింది. గంగాబాయి మాత్రం ఒక్క తిట్టు తిట్టలేదు. బక్కయ్యకు ఆమె సంగతి తెలుసు. ఈమె తిట్టిందంటే ఏమీ చేయదని అర్థం. తిట్టలేదంటే ఏదో చేస్తుంది.

చేసింది. ఒత్తుగా ఉన్న నారు పీకి, ఎరువు సంచి వెంట ఈడ్చుకుంటూ ప్రతి గదికీ, ఖోలీ ఖోలీకీ పోయింది. ఎవరి డబ్బా వాళ్లనే తెమ్మంది. "ఎరువు పొయ్యి. తట్టకు. తడితే నా మీద ఒట్టు," అని నిలబడి నాటించింది. "పెరిగినంక పచ్చడి నూరుకో. గచ్చి మీద పెట్టుకో, ఎండ మంచిగ తగుల్తది." పుంటికూర పచ్చడంటే కాదనే తెలుగు గడప ఉంటుందా?

ఆదివారం వెదుళ్ల బండి వచ్చింది. హమాలీలను వెంటబెట్టుకుని శంకర్రావు పైకెక్కాడు. కాలు పెట్టే సందు లేదు. గచ్చి నిండా డబ్బాలు, బకెట్లు, చిల్లుపడ్డ గిన్నెలు.

"అక్కా, ఇదేం తమాషా? తియ్యి!"

"మూలకున్నయి నావి. తీస్కపో తమ్మీ," అంది గంగాబాయి పిట్టగోడ మీద కూర్చుని. "తక్కినయి నావి కావు. ఎవరియి వాళ్లను అడుగు."

శంకర్రావుకు రోషం వచ్చింది. కాళ్ల దగ్గరున్న డబ్బా ఒకటి ఎత్తి పట్టుకుని అరిచాడు.

"ఎవరిదిది?"

వెనకాల మెట్ల మీద నుంచి జవాబొచ్చింది. అతని పెళ్లాం శాంతాబాయి. చేతిలో నీళ్ల చెంబు.

"నాది. కింద పెట్టు."

శంకర్రావు కింద పెట్టాడు.