చుట్టూ తిరిగిన పడవ

అందరూ ఆమెను తూనీగ అనేవారు. చిన్నప్పటి నుంచీ ఒక్కచోట కుదురుగా నిలబడేది కాదు. వాళ్లమ్మ రేవులో మోటారు పడవ నడిపి జనాన్ని అవతలి ఒడ్డుకు చేర్చేది. పదహారేళ్లకే తూనీగ ఇంజను చప్పుడు విని ప్లగ్గుకు మసి పట్టిందో, పెట్రోల్లో నీళ్లు చేరాయో చెప్పేసేది. ఆ తెలివే తలకెక్కింది.

ఒక మధ్యాహ్నం అమ్మ భోజనానికి కూర్చోగానే తమ్ముణ్ణి ఎక్కించుకుని చిన్న పడవ తీసింది. వాడు లైఫ్ జాకెట్ వేసుకున్నాడు, ఆమె వేసుకోలేదు. నడిపేవాళ్లు మణికట్టుకు తగిలించుకోవాల్సిన ఎర్ర తాడు ఒకటుంటుంది. మనిషి నీళ్లలో పడితే అది ఊడొచ్చి ఇంజను ఆగిపోతుంది. దాన్ని ఇంజనుకే వేలాడేసి వదిలేసింది.

"అక్కా, తాడు కట్టుకోవా?"

"నేనేమన్నా పసిపిల్లనా? గట్టిగా పట్టుకో, మలుపంటే ఎలా ఉంటుందో చూపిస్తా."

లేచి నిలబడి హ్యాండిల్ విసురుగా తిప్పింది. పడవ ఒక పక్కకు ఒరిగింది. మరుక్షణం ఆమె నీళ్లలో ఉంది.

పైకి తేలి చూస్తే పడవ ఆగలేదు. హ్యాండిల్ ఒక వైపుకు వాలిపోవడంతో ఆమె చుట్టూ గిరగిరా తిరుగుతోంది. తమ్ముడు బోర్లా పడి బల్లను కరుచుకున్నాడు. పడవ ముక్కు తన మీదికే వస్తుంటే ఆమె ఊపిరి బిగబట్టి మునిగింది. ఇంజను కింది పంకా హోరుమంటూ తలమీదుగా పోయింది. పిక్క చురుక్కుమంది.

ఆ హోరుకు అమ్మ ఎంగిలి చేత్తోనే రేవు మెట్ల మీదికి పరుగెత్తుకొచ్చింది. ఇంజను చప్పుడును మించి అరవడం అలవాటైన గొంతు ఆమెది.

"చిన్నోడా! హ్యాండిల్ ముట్టుకోకు! ఎర్ర తాడు పీకు!"

"భయమేస్తోందమ్మా!"

"వేస్తుందిరా! భయపడుతూనే పీకు! పాకుతూ వెళ్లు!"

వాడు బల్ల వదిలాడు. మోకాళ్ల మీద పాకుతూ, కుదుపుకు వెనక్కి దొర్లి, మళ్లీ పాకాడు. తూనీగ చేతులు బరువెక్కాయి. ఇంకోసారి మునిగే ఓపిక లేదు. పడవ మళ్లీ ఇటే తిరిగింది. ఆమె కళ్లు మూసుకుంది.

ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. వచ్చిన ఊపులోనే పడవ మెల్లగా వచ్చి ఆమె భుజాన్ని తాకింది. తమ్ముడు తాడు పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

అమ్మ ఇంకో పడవేసుకుని వచ్చి ఇద్దర్నీ ఒడ్డుకు చేర్చింది. తూనీగ పిక్క నుంచి కారుతున్న రక్తాన్ని తుడిచి, తన కొంగు చింపి కట్టు కట్టింది.

"తిట్టమ్మా."

"ఓపిక లేదే."

కుట్లు మానాక రేవు పిల్లలకు పడవ నేర్పే పని తూనీగ తనంతట తానే తీసుకుంది. ముందు మచ్చ చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పేది. కుర్రాళ్లు నవ్వితే నవ్వనిచ్చేది, నవ్వు ఆగేదాకా ఇంజను మాత్రం ముట్టనిచ్చేది కాదు.

తమ్ముడు మాత్రం చాలాకాలం పడవ ఎక్కలేదు. ఎక్కమని ఆమె అడగనూ లేదు. చివరికి ఒక ఉదయం వాడే వచ్చి, "నాకూ నేర్పు" అన్నాడు. వాణ్ణి ఇంజను దగ్గర కూర్చోబెట్టి తను ఎదురుగా కూర్చుంది. ఒడ్డు దాటి కొంత దూరం పోయాక అడిగాడు.

"వేగం పెంచనా?"

ఆమె వాడి మణికట్టుకున్న ఎర్ర తాడును ఒకసారి లాగి చూసింది.

"పెంచు," అంది. "కొంచెమే."