చేతిలో పెట్టిన పిల్లలు

వాగొడ్డుపాలెంలో కనకలక్ష్మిని బారసాలలకు పిలిచేవాళ్లు తక్కువ. పిలిచినా, బిడ్డను ఉయ్యాలలో వేసే సమయానికి ఆమె తనంతట తానే వంటింటి వైపు తప్పుకునేది. పెళ్లయి ఇరవై రెండేళ్లు దాటింది, కడుపు పండలేదు. భర్త రామచంద్రమూర్తి ఆ ఊరి బడిలో పంతులు, నెమ్మదస్తుడు. ఏనాడూ ఆ ఊసెత్తి నొప్పించలేదు. ఊరు మాత్రం అనేది, ఆమె అటు తిరిగాక.

నల్లరేగడి నేలలు ఆ ఊరివి. మాఘమాసం వచ్చేసరికి చేలన్నీ మిరపపళ్లతో ఎర్రబడేవి. కోతలకు కనిగిరి, పామూరు వైపు మెట్ట ఊళ్ల నుంచి కూలీలు పిల్లాపాపలతో ముఠాలుగా దిగి, చేల పక్కన గుడిసెలు వేసుకుని మూడు నెలలు ఉండిపోయేవాళ్లు. తల్లులు సాలు వెంట వంగి కాయ కోస్తుంటే పసివాళ్లు గట్టు మీద, రెండు కర్రలకు కట్టిన చీర నీడన పడుకునేవాళ్లు. మిరప ఘాటుకు ముక్కులు కారేవి, కళ్లు వాచేవి. తల్లి పరుగున వచ్చి ఆ చేతులతోనే తుడిస్తే మంట ఇంకా పెరిగేది.

పందొమ్మిది వందల ఎనభై మూడులో, ఒక సాయంత్రం, అంకమ్మ అనే కూలి మనిషి కూతురు కనిపించకుండా పోయింది. పిల్ల పేరు సామ్రాజ్యం, రెండేళ్లది. మొగుడు పేరయ్య కాలువ పనులకని వెళ్లి కబురు లేకుండా పోవడంతో అంకమ్మ ఒంటరిగా ఆ పిల్లతో కోతలకు వచ్చింది. కేకలు విని కనకలక్ష్మి కూడా చేలోకి పరిగెత్తింది. పిల్ల ఎవరి దగ్గరుందని అడిగితే ఒకామె ఇంకొకామె వైపు చూపించింది, ఆమె మరొకామె వైపు. ప్రతి ఒక్కరూ పక్కవాళ్ల దగ్గర ఉందనే అనుకున్నారు. మగవాళ్లు వాగు వైపు వెళ్లారు. కనకలక్ష్మి ఎందుకో వెంకటనారాయణ గారి కల్లం వైపు నడిచింది. అక్కడ ప్రత్తి మూటల సందున, తల నిండా దూది అంటుకుని, పిల్ల ఆదమరిచి నిద్రపోతోంది. ఎత్తుకోగానే నిద్రలోనే ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది.

అంకమ్మ వచ్చి కాళ్ల మీద పడబోతే కనకలక్ష్మి పట్టుకుని ఆపింది. పిల్ల దొరికిందని ఊరంతా ఊపిరి పీల్చుకుంది. ఆమెకు మాత్రం ఆ చూపుడు వేళ్లు మనసులోంచి పోలేదు. పిల్లను ఎవరూ వదిలెయ్యలేదు. అలాగని ఎవరి చేతిలోనూ పెట్టలేదు. ఆ మాటే భర్తతో చెప్పి, పగటిపూట ఆ పిల్లల్ని తాను చూసుకుంటానంది. రామచంద్రమూర్తి కండువా వేసుకుని వెంకటనారాయణ గారింటికి వెళ్లాడు.

వెంకటనారాయణ ఊళ్లో పెద్ద రైతు. పొగాకు మానేసి ప్రత్తిలోకి, మిరపలోకి దిగాక ఆకు కాల్చే ఆయన బ్యారన్ కొట్టం ఖాళీగా పడి ఉంది. దాని ముందు ఆకు కట్టే పెద్ద పాక, చుట్టూ కంపకోట, లోపలికి ఒకటే దారి, దానికో తడిక. కోతలు సాఫీగా సాగుతాయంటే ఆయన మాత్రం ఎందుకు కాదంటాడు, వాడుకోమన్నాడు. జావ కాయడానికి బసవమ్మ అనే ముసలామె ఒప్పుకుంది. రాగులు రైతులే తలా కాస్త కొలిచారు. మరుసటి ఏడు కోతలు మొదలైన రోజున పిల్లల శిబిరం తెరుచుకుంది.

మొదటి రోజు ఒక్కరూ రాలేదు. బ్రాహ్మలామె మన పిల్లల్ని తాకుతుందా అని కొందరు, పిల్లల్లేని మనిషి కళ్లు పడతాయని కొందరు. రెండో రోజు తెల్లవారుతూనే అంకమ్మ వచ్చింది. సామ్రాజ్యాన్ని కనకలక్ష్మి చేతుల్లో పెట్టి చేలోకి వెళ్లిపోయింది. వారం తిరిగేసరికి పదహారు మంది అయ్యారు.

కనకలక్ష్మి పద్ధతి ఒకటే. పొద్దున దారి దగ్గర తానే నిలబడేది. ఒక్కో పిల్లనూ పేరు పెట్టి పిలిచి, నుదురు తాకి, ఒళ్లు వెచ్చగా ఉందేమో చూసి లోపలికి తీసుకునేది. తల్లి ఎవరి చేలో ఉంటుంది, సాయంత్రం పిల్లను ఎవరు తీసుకెళ్తారు అని అడిగి నోటుపుస్తకంలో రాసుకునేది. సాయంత్రం నీళ్ల తొట్టి దగ్గర తల్లులు ముందు మిరప ఘాటు పోయేలా చేతులకు నూనె రుద్దుకుని, కుంకుడు రసంతో కడుక్కోవాలి. ఆ తర్వాతే బిడ్డ. పొద్దున చెప్పిన మనిషి తప్ప ఇంకెవరు వచ్చినా, మేనమామ అయినా సరే, పిల్లను ఇచ్చేది కాదు. పొద్దున్నే చెయ్యి చాచి పిల్లను అందుకుంటున్నప్పుడల్లా ఆమె లోపల ఒక దణ్ణం పెట్టుకునేది. బారసాలలో తనకు అందని బరువు అది.

ఎనభై ఆరు మార్చిలో, మిట్టమధ్యాహ్నం, ఒక మనిషి దారి దగ్గరికి వచ్చాడు. మాసిన చొక్కా, చంకలో కాగితం పొట్లం. పేరు పేరయ్య అన్నాడు, సామ్రాజ్యం తండ్రినన్నాడు, పిల్లను తీసుకెళ్లడానికి వచ్చానన్నాడు. పిల్ల తడిక సందులోంచి చూసి బసవమ్మ వెనక్కి వెళ్లి నిలబడింది. అయిదేళ్ల పిల్లకు ఆ మొహం తెలియదు. అంకమ్మ ఆ రోజు రెండు మైళ్ల అవతల, వాగొడ్డు చేలో ఉంది.

సాయంత్రం అంకమ్మ వచ్చేదాకా ఆగమని కనకలక్ష్మి నెమ్మదిగా చెప్పింది. అతను బతిమాలాడు, తర్వాత గొంతు పెంచాడు, ఆ పైన విసవిసా ఊళ్లోకి వెళ్లి వెంకటనారాయణను వెంటబెట్టుకొచ్చాడు. పేరయ్య తండ్రి ఒకప్పుడు ఆయన దగ్గర ముఠా మేస్త్రి. తండ్రీకూతుళ్ల పోలికలు చూస్తే తెలియడం లేదా, ఇచ్చెయ్యమని ఆయన మర్యాదగానే చెప్పాడు. ఆమె కదలకపోయేసరికి ఆయన మొహం మారింది.

"నేను చెబుతున్నా గదమ్మా. ఈ పాక ఎవరిదో మర్చిపోతున్నారు."

"పాక మీదేనండీ, రేపు ఖాళీ చెయ్యమంటే చేస్తాను," అంది కనకలక్ష్మి. "పిల్లను మాత్రం అంకమ్మ నా చేతిలో పెట్టింది. అంకమ్మ చేతిలోనే పెడతాను."

ఆయన చేతికర్ర టకటకలాడిస్తూ వెళ్లిపోయాడు.

పేరయ్య పాక ఎదుటి వేపచెట్టు కింద కూలబడ్డాడు. ఆమె చెంబుతో మంచినీళ్లు, ఇంత జావ పంపింది. ముందు ముట్టుకోలేదు, తర్వాత తాగాడు. పొట్లం విప్పి చూసుకున్నాడు. గులాబీ రంగు గౌను. రెండేళ్ల పిల్లకు సరిపోయే కొలత. తడిక ఇవతల నుంచి కనకలక్ష్మి అది చూసింది. ఇతను నిజంగా తండ్రే అయితే, కన్నబిడ్డను తడిక అవతల పెట్టి అన్యాయం చేస్తున్నానేమో అనుకుంది. తండ్రి కాకపోతే? ఆ రెండు ఆలోచనల మధ్య ఆ మధ్యాహ్నం గడవడమే గగనమైంది. ఆమె మాత్రం దారి వదిలి కదల్లేదు.

పొద్దు వాలుతుండగా తల్లులు వచ్చారు. అంకమ్మ వేపచెట్టు దగ్గర ఆగిపోయింది. అతను లేచి నిలబడ్డాడు. ఆమె తొట్టి దగ్గరికి వచ్చి, ఎప్పటికంటే నిదానంగా చేతులు కడుక్కుని, పిల్లను ఎత్తుకుంది.

"అవునమ్మగారూ, దీని నాయనే," అంది. ఆ పైన అక్కడే కూర్చుని ఏడ్చింది. కోపమో సంతోషమో ఆమెకే తెలిసినట్టు లేదు.

కాలువ పనిలో కాలు విరిగి ఆసుపత్రిలో పడ్డాడట. లేచాక మొహం చూపించడానికి సిగ్గేసి ఆ ఊరూ ఈ ఊరూ తిరిగాడట. అంకమ్మ అతన్ని వెంటనే తన గుడిసెకు రానివ్వలేదు. ఆ కోతలన్నాళ్లూ అతను వేరే ముఠాలో కాటాల దగ్గర బస్తాలు ఎత్తాడు, వేరే గుడిసెలో పడుకున్నాడు. రోజూ సాయంత్రం మాత్రం వేపచెట్టు దాకా వచ్చి, పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని వెళ్లడం చూసి పోయేవాడు. నెల తర్వాత ఒక సాయంత్రం అంకమ్మే పిల్ల రెండో చెయ్యి అతనికి అందించింది. ఆ రోజు అతను తడిక దగ్గరికి వచ్చాడు.

"ఆ పొద్దు మిమ్మల్ని తిట్టుకున్నానమ్మగారూ. చెట్టు కింద కూకున్నాక తెలిసొచ్చింది. నాకే ఇవ్వలేదంటే ఇంకెవుడికీ ఇవ్వరు గదా అని. నేను లేనప్పుడు నా బిడ్డ అట్టాంటి చోట ఉంది."

కనకలక్ష్మి అంకమ్మను అడిగి, నోటుపుస్తకంలో పిల్ల పేరు పక్కన అతని పేరూ రాసుకుంది.

వెంకటనారాయణ సంగతి వేరే. గొడవైన ఆ రాత్రే, పాక ఖాళీ చెయ్యమని కబురొస్తుందని ఆమె గిన్నెలు సర్దిపెట్టుకుంది. తెల్లారి ఆయనే వచ్చాడు, మనవరాలిని నడిపించుకుంటూ. కోడలు కల్లం దగ్గర పనులు చూసుకుంటోందని, పిల్లకు ఇంట్లో తోచడం లేదని ఏదో సర్ది చెప్పాడు. ఆమె అలవాటు ప్రకారం పుస్తకం తీసి, సాయంత్రం ఎవరు వస్తారని అడిగింది.

"మా కోడలు వస్తుంది," అన్నాడాయన. ఒక్క క్షణం ఆగి, "నేనొచ్చినా ఇవ్వొద్దు," అని నవ్వకుండానే చెప్పి వెళ్లాడు.

ఆ రోజు జావ గిన్నెల దగ్గర ఆ ఇంటి పిల్లా కూలీల పిల్లలూ ఒకే వరుసలో కూర్చున్నారు. బసవమ్మ వడ్డిస్తూ మాటిమాటికీ కళ్లు తుడుచుకుంది, పొగ అని చెప్పుకుంది.

ఎనభై ఎనిమిది కోతలు మంచి ఊపులో ఉండగా కనకలక్ష్మికి చలిజ్వరం పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పినా వణుకు. అంత జ్వరంలోనూ పొద్దున్నే లేవబోయి తూలిపడింది. దారి దగ్గర నిలబడేదెవరని ఆమె బెంగ. బడి వదిలి భర్త వెళ్లలేడు, బసవమ్మకు చూపు ఆనదు. తల్లులు వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని పేరయ్య పేరు చెప్పారు. ముఠా అంతా ఒక్క మాట మీదికి రావడం ఎవరూ ఎన్నడూ చూడలేదని రామచంద్రమూర్తి వచ్చి చెప్పాడు. ఆమె సరే అంది.

పేరయ్యకు చదువు రాదు. నోటుపుస్తకం చంకలో పెట్టుకునేవాడు గాని అందులో గీత గియ్యలేదు. అన్నీ మనసులోనే. ఏ పిల్ల ఎవరిది, తల్లి ఏ చేలో ఉంది, సాయంత్రం అమ్మమ్మ వస్తుందా పిన్ని వస్తుందా, అన్నీ. మొదటి రోజే మొహిద్దీన్ బాషా అనే బండివాడు, పొరుగింటి పిల్లను దారే కదా అని బండెక్కించుకుపోతానంటే, పొద్దున చెప్పలేదని ఒప్పుకోలేదట. ఆ సంగతి చెబుతూ రామచంద్రమూర్తి నవ్వాడు. కనకలక్ష్మి కూడా జ్వరంలోనే నవ్వింది.

ఆమెకు జ్వరం ఉన్న తొమ్మిది రోజులూ, పొద్దుగూకాక, పేరయ్య పంతులు గారి వీధి అరుగు దగ్గరికి వచ్చి నిలబడేవాడు. లోపలికి రమ్మన్నా వచ్చేవాడు కాదు. కిటికీలోంచి ఆమెకు వినపడేలా గొంతు సవరించుకునేవాడు.

"నలభై రెండు మంది వచ్చారమ్మగారూ. నలభై రెండు మందీ ఇళ్లకు వెళ్లారు."

ఆ మాట కోసం ఆమె అప్పటిదాకా మందు బిళ్ల చేతిలోనే పట్టుకుని ఉండేది. విన్నాక మింగి, గోడ వైపు తిరిగి, హాయిగా పడుకునేది.