మలుపుకో జబ్బు డాక్టరుగారు

జగన్మోహన్‌గారికి ఒంట్లో బాగున్న పూట ఒక్కటి కూడా నేనెరగను. కొండదారిలో మలుపు తిరిగినప్పుడల్లా ఆయనకో కొత్త జబ్బు వచ్చేది. మోకాలు, మడమ, నడుము, గుండెదడ, ఏదీ లేకపోతే కనీసం ఎక్కిళ్ళు. ఇంకో విచిత్రం, ఆయనే డాక్టరు. శాంటా క్లారాలో మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆపరేషన్ టేబుల్ మీద పడుకున్నవాళ్ళ తలాపున కూర్చుని, వాళ్ళ మొహాలు చూస్తూ ఉద్యోగమంతా గడిపిన మనిషి. వాళ్ళ జబ్బులన్నీ జాగ్రత్తగా ఇంటికి పట్టుకొచ్చేశారని నా అనుమానం.

అలాంటి మనిషితో కలిసి కాలిఫోర్నియా సియెర్రా కొండల్లో మూడు వారాల నడకకు బయల్దేరాం. మేమంటే నేనూ, విజయశ్రీగారూ. నేను వీడియోలు చూసి డేరా వెయ్యడం నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ వాణ్ణి. విజయశ్రీగారు మా వీధిలో పిల్లలకు లెక్కలు చెబుతారు. ఆ కొండదారిలో నడవడానికి పర్మిట్లు లాటరీ తీసి ఇస్తారు, అందులో ఆవిడ పేరు తగలడానికి నాలుగేళ్ళు పట్టింది. తీరా తగిలాక కూతురు దియ అడ్డం పడింది.

"అమ్మా, యూ ఆర్ ఫిఫ్టీ నైన్. మధ్యలో సిక్ అయ్యి వెనక్కి వచ్చావంటే ఇంక హైకింగ్ లేదు. ప్రామిస్ చెయ్యి."

"సరేనే తల్లీ, ప్రామిస్" అన్నారు విజయశ్రీగారు. ఆవిడ ఆడిన మాట తప్పే మనిషి కాదు. అక్కడే వచ్చింది చిక్కు.

మొదటిరోజు మధ్యాహ్నానికే డాక్టరుగారు బండరాయి మీద కూలబడ్డారు.

"ఎడమ మడమలో పొక్కు లేచిందోయ్ అనూప్. నా పని అయిపోయింది."

"చూపించండి."

"నాది చూస్తే భయపడతావు. ముందు నీది చూడు. అంటే, పొక్కు లేని మడమ ఎలా ఉంటుందో నాకు తెలియాలి కదా."

బూటు విప్పి చూస్తే నా ఎడమ మడమలో రేగుపండంత పొక్కు. నడకలో వెనకబడుతున్నానని తెలుసుగానీ, ఆ మాట చెప్పుకోవడానికి మొహమాటపడ్డాను. ఆయన గబగబా దానికి కట్టు కట్టేశారు. తన బూటు మాత్రం విప్పలేదు.

మర్నాడు ఉదయం "కుడి మోకాలు పట్టేసింది" అన్నారు. అరగంట ఆగాం. విజయశ్రీగారు కూడా పన్లో పనిగా తన కుడి మోకాలికి మందు రాసుకున్నారు. ఆ తర్వాత ఓ వాగు దగ్గర "నాకు నాలిక పిడచగట్టుకుపోతోంది, అందరూ నీళ్ళు తాగండి" అన్నారు. తాగాక తెలిసింది, నా సీసా పొద్దున్నించీ ఖాళీయే.

దీంతో నాకు పెద్ద బెంగ పట్టుకుంది. ఆయన నోట ఏ జబ్బు పేరొస్తే అది మాకు తగులుతోంది. విజయశ్రీగారితో అంటే ఆవిడా ఒప్పుకున్నారు.

"ఆయన నాలిక మీద మచ్చ ఉందేమో బాబూ. పొద్దున్నే ఆయనతో మాట్లాడకు."

"ఎలుగుబంటి పేరెత్తకుండా ఉంటే చాలండీ" అన్నాను.

అప్పట్నించీ ఆయన నోరు తెరవబోతే నేను ఆకాశం చూపించి మబ్బుల గురించి అడిగేవాణ్ణి. ఆయన మబ్బుల్ని చూసి, పిడుగు పడితే మనిషికి ఏమేమవుతుందో వివరించేవారు.

దారి పైకి పోయేకొద్దీ చెట్లు కురచబడి, చివరికి రాళ్ళే మిగిలాయి. మా ముందు పన్నెండు వేల అడుగుల ఎత్తున కనుమ. అది దాటితే దారిలో కష్టమైన భాగం గడిచినట్టే. కనుమకు కింద చెరువు పక్కన డేరాలు వేశాం. నీళ్ళు కాగాయి, ఎండబెట్టి తెచ్చిన పులిహోర ఉబ్బింది, కందిపొడి సువాసన కొండంతా పాకింది. విజయశ్రీగారు మాత్రం ముట్టుకోలేదు.

"ఇవాళ శనివారం బాబూ. ఒక్కపొద్దు."

"నిన్న కూడా శనివారమే అన్నారు కదండీ."

"ఈ కొండల్లో వారాలెవరికి తెలుస్తాయి. నిన్నటిది పొరపాటు, ఇవాళ్టిది అసలుది." కణతలు నొక్కుకుంటూ, "ఆ ఇన్‌స్టంట్ కాఫీ ఒకటి. ఫిల్టర్ కాఫీ పడక తల దిమ్ముగా ఉంది. అంతే" అన్నారు.

నేను నమ్మాను. కాఫీ లేకపోతే మా అమ్మా అలాగే ఉంటుంది. డాక్టరుగారు ఆవిడ వదిలేసిన పులిహోర డబ్బాకి మూత బిగించి పక్కన పెట్టారు. ఆయనకు జబ్బు రాని మొదటి సాయంత్రం అది. నాకు దానికే భయం వేసింది.

తెల్లవారి లేచేసరికి ఆయన డేరా ముందు నేల మీద కర్రతో పొడుగ్గా గీత గీస్తున్నారు.

"నాకు తల పగిలిపోతోందోయ్. ఆకలి లేదు. వాంతి వచ్చేలా ఉంది. కాళ్ళు తేలిపోతున్నాయి. చూడు." ఒక కాలి మడమకు రెండో కాలి బొటనవేలు ఆనిస్తూ ఆ గీత మీద నడిచారు. దారం పట్టినట్టు తిన్నగా వెళ్ళారు, తిన్నగా వచ్చారు. "చూశావా, ఎంత అధ్వాన్నంగా ఉందో. విజయశ్రీగారూ, మీరొకసారి నడవండి. బాగున్న మనిషి ఎలా నడుస్తుందో నేను చూడాలి."

"మీ చాదస్తం మీరూనూ" అంటూ ఆవిడ గీత మీద అడుగు వేశారు. రెండో అడుగు గీత పక్కన పడింది. మూడో అడుగుకు పక్కకి తూలి నా భుజం పట్టుకున్నారు.

"రాయి అడ్డమొచ్చింది" అన్నారు. అక్కడ రాయి లేదు.

డాక్టరుగారు కర్ర కింద పారేశారు. "నా వల్ల కాదు. నేను చచ్చిపోతాను. ఇప్పుడే కిందికి దిగిపోదాం."

"కనుమ ఎదురుగా కనిపిస్తోంది డాక్టరుగారూ" అన్నారు విజయశ్రీగారు. "నాలుగేళ్ళు ఎదురుచూశాను. మీరు అనూప్‌తో దిగండి. నేను నెమ్మదిగా దాటేస్తాను."

"నన్ను దించడం ఒక్కడి వల్ల అవుతుందా అమ్మా? నా బరువు చూడండి. ఓ పక్క మీరు పట్టుకోవాల్సిందే."

నాకు ఒళ్ళు మండిపోయింది. "కాసేపు పడుకుంటే తగ్గదా?" అన్నాను.

"తగ్గదు. గాలి పలచబడ్డ ఈ ఎత్తులో పడుకుంటే లేవకపోవచ్చు, కిందికి దిగితేనే తగ్గేది." ఆ మాట ఆయన నెమ్మదిగా అన్నారు. నేను డేరా విప్పడం మొదలుపెట్టాను.

చావబోతున్న ఆ మనిషి బయల్దేరే ముందు విజయశ్రీగారి బ్యాగు తీసుకుని తన ఛాతీకి తగిలించుకున్నారు. "వెనక నా బ్యాగు లాగేస్తోంది. ముందు కూడా బరువుంటే సరిపోతుంది" అన్నారు. ఆవిడ చెయ్యి తన చేతికి మెలేసుకుని, "నన్ను వదలకండి, పడిపోతాను" అంటూ దిగడం మొదలుపెట్టారు. వెనక నేను. ఇద్దరిలో ఎవరు పడితే ఎవర్ని పట్టుకోవాలో తెలియక దారి పొడుగునా నా చేతులు గాల్లోనే ఉన్నాయి. ఆవిడ ఒకచోట వాంతి చేసుకున్నారు. "చూశావా, నా రోగం ఆవిడకూ అంటుకుంది" అన్నారాయన, ఆవిడ మొహం తుడుస్తూ.

చెట్లు మళ్ళీ మొదలయ్యాయి. దేవదారుల నీడలోకి, ఇంకా కిందికి, లోయలో గడ్డి మైదానం దాకా దిగాం. అక్కడ విజయశ్రీగారు కాసేపు కళ్ళు మూసుకుని పడుకున్నారు. డాక్టరుగారు ఆవిడ పక్కనే కూర్చుని, రెప్ప వెయ్యకుండా ఆవిడ మొహమే చూస్తూ ఉండిపోయారు. చాలాసేపటికి ఆవిడ లేచి కూర్చుని, "అనూప్, ఆ పులిహోర ఇంకా ఉందా?" అన్నారు. మొత్తం తినేశారు. డబ్బా గోకి మరీ తిన్నారు.

నేను డాక్టరుగారిని అడిగాను. "ఇప్పుడెలా ఉందండీ?"

"ఎవరికి?"

"మీకేనండీ."

"ఓ, నాకా" అని ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "తగ్గిందోయ్. పూర్తిగా తగ్గింది" అన్నారు.

నా మడమ పొక్కు దగ్గర్నించీ అన్నీ వరసగా కళ్ళ ముందు తిరిగాయి. విజయశ్రీగారి వైపు చూశాను. ఆవిడ చేతిలో చెంచా ఆగిపోయింది. ఆవిడ లెక్కల టీచరు. లెక్క తేలిపోయింది.

మూడో రోజుకి లోయ దాటి, రోడ్డెక్కి, ఎవరో లిఫ్ట్ ఇస్తే దగ్గర్లోని ఊళ్ళో ఓ రోడ్డుపక్క డైనర్లో భోజనానికి చేరాం. ఫోన్లకు సిగ్నల్ వచ్చింది. విజయశ్రీగారు నంబరు నొక్కి, నేల చూపులు చూస్తూ, "దియా, మేం వెనక్కి వచ్చేశామే. అదీ..." అని ఆగిపోయారు.

డాక్టరుగారు చెయ్యి చాచి ఫోను తీసుకుని స్పీకర్‌లో పెట్టారు.

"అమ్మా దియా, తప్పు నాదేనమ్మా. నాకు తలనొప్పి, వాంతులు, కళ్ళు తిరగడం. మీ అమ్మగారు లేకపోతే ఆ కొండ మీదే పోయేవాణ్ణి. చెయ్యి పట్టుకుని దించారు."

"ఓ మై గాడ్, అంకుల్. ఆర్ యూ ఓకే? అమ్మ దించిందా మిమ్మల్ని?"

"చెయ్యి వదిల్తే ఒట్టు."

దియ గొంతు మెత్తబడింది. "అమ్మా, ఐ యామ్ సో ప్రౌడ్. నెక్స్ట్ ఇయర్ మళ్ళీ అప్లై చెయ్యి. నువ్వు ఆ మౌంటెన్ పాస్ దాటాలి. కానీ అమ్మా, ప్లీజ్, ఆ అంకుల్‌ని మాత్రం తీసుకెళ్ళకు. హీ ఈజ్ టూ వీక్."

"అమ్మాయి చెప్పింది నిజం" అని డాక్టరుగారు గంభీరంగా తలూపారు.

ఫోను పెట్టేశాక విజయశ్రీగారు చాలాసేపు నవ్వారు. ఇంతలో ఆవిడ ఆర్డర్ చేసిన ఫ్రెంచ్ ఫ్రైస్ వచ్చాయి. డాక్టరుగారు ఆ ప్లేటు తన వైపు జరుపుకుని, తన సలాడ్ ఆవిడ ముందుకు తోశారు.

"ఉప్పు చాలా ఎక్కువ వేశాడు. నాకు అసలే బీపీ."

"మీకు బీపీ లేదు డాక్టరుగారూ. నాకుంది."

"ఎవరికో ఒకరికి ఉంది కదండీ" అని ఆయన ఫ్రైస్ తినడం మొదలుపెట్టారు.