బియ్యం డబ్బాలో మోగిన ఫోను

ఫోను మోగితే చాలు, అది ఎవరిదైనా సరే, ఎత్తకుండా ఉండలేకపోవడం చినమామయ్య జబ్బు. సెలూన్లో సగం గడ్డం గీయించుకుని, నురగతోనే లేచి మంగలి ఫోను ఎత్తేవారు. పొరుగింట్లో మోగితే గోడ మీంచి చెయ్యి చాపేవారు. ఎత్తగానే ఒకటే మాట: "హలో, చెప్పండి, తీరిగ్గా చెప్పండి." వీధి వీధంతా ఆయన్ని 'హలో బాబాయి' అనేది.

రాంగ్ నంబరైతే మరీ సంబరం. ఒకసారి గ్యాసు బండ కోసం ఎవరో చేస్తే, అతగాడి మోకాలి నొప్పి దగ్గర్నుంచి అల్లుడి అలక దాకా అన్నీ విన్నారు.

"ఎవరండీ అంతసేపు?" అంది చినత్తయ్య.

"ఏమో, పేరు అడగలేదు. పాపం, అల్లుడితో వేగలేక చస్తున్నాడు."

"మరి గ్యాసో?"

"అది వేరే నంబరుట."

ఇలాంటి మనిషి గడప తొక్కితే ఆయన అన్నగారి కోడలికి గుండె దడ. ఆమె భర్త పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఇంటి మీద బ్యాంకు అప్పు మాత్రం అలాగే ఉంది. కర్టెన్లు కుట్టి తెచ్చుకునేది తిండికే చాలేది. వాయిదాలు తప్పాయి. బ్యాంకువాళ్లు ఫోన్లు మొదలెట్టారు, ఆ పైన ఇల్లు వేలం వేస్తామని నోటీసు పంపారు. ఆమె ఫోనును బియ్యం డబ్బాలో కుక్కి మూత పెట్టేసింది.

మామయ్య వచ్చి కూర్చున్నారో లేదో చెవులు రిక్కించారు.

"అమ్మాయ్, బియ్యం మోగుతున్నాయి."

"లేదు మామయ్యా, పక్కింట్లో..."

"పక్కింటి మోత నాకు తెలీదూ?"

మోచేతి దాకా డబ్బాలో చెయ్యి పెట్టి ఫోను పైకి లాగారు. "హలో, చెప్పండి, తీరిగ్గా చెప్పండి" అంటూ గింజలు రాల్చుకుంటూ వరండాలోకి నడిచారు. కోడలు సిగ్గుతో చచ్చిపోయింది. ఇంటి గుట్టు ఈయన చేతిలో పడింది, ఇక ఊరంతా పాకినట్టే.

"ఎవరు మామయ్యా?" అంది, ఆయన లోపలికి రాగానే.

"ఎవరో పిల్ల. గొంతు బొంగురుపోయింది. వేడినీళ్లు తాగమన్నా."

ఆ రోజుతో ఆమె ఫోను మోగడం మానేసింది. మోగితే ఒక భయం, మోగకపోతే ఇంకో భయం. మాటల దశ దాటిపోయింది, ఇక వేలమే అనుకుని బట్టలు మూట కట్టడం మొదలుపెట్టింది.

ఒక పొద్దున మామయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చారు.

"పదమ్మాయ్, బ్యాంకుకి. రమ్మన్నారు."

"తిట్టడానికా మామయ్యా?"

"తిట్లన్నీ అయిపోయాయిలే."

ఆయన బ్యాంకులో నోరు తెరిచారో లేదో, బల్ల వెనక కూర్చున్న అమ్మాయి గభాల్న లేచి వచ్చింది.

"ఈ గొంతు... హలో తాతగారు మీరేనా?" అని కోడలి వైపు తిరిగింది. "మేడమ్, మీ మామయ్యగారు తన నంబరిచ్చి, 'మా కోడలు ఇంకా తేరుకోలేదు, తిట్టదల్చుకుంటే నన్ను తిట్టు తల్లీ, నాకు బోలెడు తీరిక' అన్నారండీ. రోజూ గట్టిగా అడుగుదామనే చేసేదాన్ని. పెట్టేసేసరికి నా కష్టాలు నేనే చెప్పుకుని ఉండేదాన్ని. ఆఖరికి వాయిదాలు తగ్గించుకునే దారి కూడా నేనే చెప్పేశాను!"

కోడలు మామయ్య వంక చూసింది. ఆయన ఎంతో అవసరమైనట్టు గోడ గడియారం చూస్తున్నారు.

మేనేజరు కుర్చీ చూపించాడు. "మీరు ఫోనెత్తకపోతే మాకు వేలం తప్ప దారి లేదమ్మా. వచ్చి అడిగితే చాలా ఉన్నాయి. గడువు పెంచితే వాయిదా తగ్గుతుంది. తప్పినవి చివరికి జరుపుతాం. ఏదీ కుదరకపోతే, వేలం దాకా రాకముందే మీరే మంచి ధరకు అమ్ముకోవచ్చు. చెప్పండి, నెలకి ఎంతైతే కట్టగలరు?"

అలా అడుగుతారని ఆమె కలలో కూడా అనుకోలేదు. "మేడ మీద గది అద్దెకిస్తే... కుట్టుపనితో కలిపి..." అంటూ వేళ్ల మీద లెక్కేసి ఓ మొత్తం చెప్పింది.

మేనేజరు లెక్క వేసి తలూపాడు. "సరిపోతుంది. సంతకం పెట్టండి. వేలం ఆపేస్తున్నాం."

ఆమె కలం అందుకుంది. అంతలో మేనేజరు బల్ల మీది ఫోను మోగింది. ఆయన చెయ్యి చాపేలోపే...

"హలో, చెప్పండి, తీరిగ్గా చెప్పండి... ఇంటి వాయిదాలా? తప్పాయా? అయ్యో, దాక్కోకండి బాబూ! వచ్చి అడగండి. మేనేజరుగారు బంగారం లాంటి మనిషి, ఇక్కడే ఉన్నారు."

కోడలు ఫక్కున నవ్వింది. సంతకం కాస్త వంకర పోయింది.

మామయ్య ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి అడిగారు: "రేపు పదింటికి రమ్మనమంటారా?"

మేనేజరు తన ఖాళీ చేతిని ఒకసారి చూసుకున్నాడు.

"పదిన్నరకి రమ్మనండి" అన్నాడు.