గేటు నుంచి గడప దాకా కనకాంబరాలు

దుబాయిలో పదమూడేళ్లుండి లక్సెట్టిపేటకు తిరిగొచ్చిన రాంచందర్‌ను వాడకట్టంతా సూపర్‌వైజర్ అనే పిలిచేది. ఆ పదవి ఇచ్చింది కంపెనీ కాదు, ఆయన నోరే. అక్కడ ఆయన రోడ్డు నడుమ పూలమొక్కలు నాటే కూలీ.

దసరా వెళ్లి వానలు తెరిపివ్వగానే, గేటు నుంచి గడప దాకా రెండు పక్కలా కనకాంబరాలు పెట్టాలనుకున్నాడు. ఒక్కసారి నాటుకుంటే ఏళ్ల తరబడి పూస్తాయి కదా! నలభై మొక్కలు తెచ్చి, దారం కట్టి, జానెడు జానెడు కొలిచి నాటాడు. చూడ్డానికొచ్చిన పక్కింటి సత్తమ్మకు ఉపన్యాసం కూడా ఇచ్చాడు.

"పొద్దుగాల, మాపటీలి నీళ్లు పట్టాలె అక్కా. దుబాయిల గదే పద్ధతి."

"గక్కడ ఇసుక కాదా తమ్మీ? ఇది నల్లరేగడాయె."

ఆమెకేం తెలుసని నవ్వాడు. పది రోజులకు ఆకులు పసుపెక్కాయి. నీళ్లు చాలలేదనుకుని మధ్యాహ్నం కూడా పట్టాడు. ఆ వారంలోనే ఒక మొక్కను ముట్టుకుంటే చేతిలోకొచ్చేసింది. వేరు కుళ్లి కంపు కొడుతోంది. ఎడారిలో పూలు పూయించిన మొనగాడు గోదావరి పక్కన మొక్కల్ని ముంచి చంపాడు! తనమీద తనకే నవ్వొచ్చింది, కాస్త ఏడుపూ వచ్చింది.

అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతున్న భార్య నవనీత పక్కన కూలబడి అనేశాడు.

"నేను సూపర్‌వైజర్ను కాదే. పైపు పట్టుకొని నీళ్లు కొట్టేటోణ్ని. ఎంత కొట్టాల్నో గూడ ఇంకోడు చెప్పేటోడు."

నవనీత తలెత్తలేదు. "ఎప్పుడు ఫోన్ జేసినా ఎనుక నీళ్ల సప్పుడే ఇనొస్తుండె. సూపర్‌వైజర్‌కు గన్ని నీళ్లతోని ఏం పని?"

"మరి ఎన్నడు అడగకపోతివి?"

"చెప్పుకుంట మస్తు ఖుషీగ ఉంటివి. పరేషాన్ చేసుడెందుకని ఊకున్న."

మర్నాడు సత్తమ్మ గడపే తొక్కాడు. ఆమె చెప్పినట్టే మట్టిని కట్టలా ఎత్తి, ఇసుక, పెంటఎరువు కలిపి, బతికిన పదిహేడు మొక్కలకు ఆమె పెరట్లోవి జతచేసి నాటాడు. మట్టిలో వేలు పెట్టి, తడి ఆరాకే నీళ్లు పోశాడు. వరస వంకర పోయినా మొక్కలు నిలదొక్కుకున్నాయి.

మాఘంలో పూలు విచ్చాయి. ఎవరైనా మెచ్చుకుంటే రాంచందర్ గొంతు సవరించుకుని రేగడి నేల గుణాల మీద పాఠం మొదలుపెడతాడు. సత్తమ్మ దగ్గర్లో ఉంటే మాత్రం చెప్పడు.