పెద్దనాయన విసిరికొట్టిన దూది పుల్ల

మా వంశం ఎక్కడిదో తెలుసుకోవాలని డీఎన్ఏ పరీక్ష చేయిస్తున్నాను. తండ్రి వైపు మూలాలు తెలియాలంటే ఆడపిల్లనైన నా నమూనా చాలదట, మగవాళ్లది కావాలట. నాన్న లేరు కాబట్టి ఈ రోజు డోన్‌లో పెద్దనాయన దగ్గరికి వెళ్లి, దూది పుల్లతో బుగ్గ లోపల తుడిచి ఇమ్మన్నాను.

ఆయన దాన్ని వీధిలోకి విసిరికొట్టాడు. "నీ ఎత్తు నాకు తెలీదా? మీ నాయన భాగం చేను అడిగేకి సాక్ష్యం చేసుకుంటాండావు!"

"అది అమ్మేసినారు కదా, పెద్దనాయనా?"

ఆయన గబగబా లోపలికి పోయి తలుపేసుకున్నాడు. నాన్న వైద్యానికి ఆ చేను అమ్మేశామని అమ్మకు చెప్పింది ఈయనే. అమ్మ ఇప్పటికీ ఈయనకు చేతులెత్తి మొక్కుతుంది.

పూర్వీకులు కొన్నాళ్లు ఆగుతారు. రేపు పొద్దున్నే రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆ చేని పాత కాగితాలు తీయిస్తాను. ఇలాంటి పెద్దనాయన మీకూ ఉంటే, ముందు ఏ కాగితం అడగాలో చెప్పండి.